ఐదో గడి

మాస్టారి కలం రిజిస్టరు మీద గాల్లోనే ఆగిపోయింది.

"చేపలకేగా వెళ్తున్నావు? తిండి అని రాసేస్తున్నా," అన్నాడు.

"తిండి కాదండీ," అంది ఊళ్లో బట్టలు కుట్టే మిషనక్క.

మాస్టారు తలెత్తి చూశాడు. ఊరి చివర రోడ్డుకి అడ్డంగా కట్టిన వెదురు గడ, దాని పక్కన బడి నుంచి తెచ్చిన బల్ల, బల్ల వెనక రిటైరైన హెడ్మాస్టారు. నిన్నటిదాకా అక్కడ వాచ్‌మన్ కూర్చునేవాడు. అతను ఆమె భుజం మీది గాలం కర్ర చూసి, చెయ్యూపి, మళ్లీ కునుకు తీసేవాడు. జబ్బు పక్క ఊరిదాకా వచ్చిందని తెలిశాక కమిటీ ప్రెసిడెంటు రిజిస్టరు పెట్టించాడు. ఊరు దాటే ప్రతి మనిషీ ఎందుకు వెళ్తున్నదీ, ఎవర్ని కలిసేదీ, ఎప్పుడు తిరిగొచ్చేదీ చెప్పాలి. కారణానికి నాలుగే గడులు. పొలం, పశువులు, మందులు, తిండి.

"గాలం భుజానేసుకుని తిండి కాదంటావేమిటమ్మాయ్?"

"పట్టినవి వదిలేస్తానండీ."

"అంటే?"

"గాలం ఊడదీసి మళ్లీ నీళ్లలోకి వదిలేస్తా. ఇంటికి తీసుకెళ్లను."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, చెవులకీ అద్దాలకీ ఏదో సంబంధం ఉన్నట్టు.

"చిన్నవైతేనా?"

"పెద్దవైనా."

"ఎన్నాళ్ల నుంచీ ఈ పని?"

"తొమ్మిదేళ్లయింది."

"మరి వెళ్లడం ఎందుకు?"

"సరదా."

వెనక సుద్దతో గీసిన సున్నాల్లో నిలబడ్డవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. పాలాయన అనుకుంటా. మిషనక్క వెనక్కి తిరగలేదు.

మాస్టారు గొంతు తగ్గించాడు. "ఒక్కటంటే ఒక్కటి పట్టుకురా. సంచిలో చేప కనిపిస్తే తిండి అని రాస్తా. రోజూ వెళ్లి రావచ్చు. నీకూ గొడవుండదు, నాకూ గొడవుండదు."

"లేనిది ఉన్నట్టు రాస్తే చెవి మెలేసేవారు కదండీ మీరు. నాకింకా గుర్తే."

మాస్టారు దగ్గబోయి, ఈ రోజుల్లో దగ్గితే బాగుండదని మింగేశాడు. "కారణం ఖాళీగా వదిలేస్తున్నా. ఎనిమిదిన్నరకల్లా వచ్చెయ్. తర్వాత నన్ననకు."

వెదురు గడ పైకి లేచింది. మిషనక్క కిందనుంచి వంగి వెళ్లింది.

క్వారీ గుంట అక్కడికి పావుగంట నడక. రాయి తీయడం ఎప్పుడో ఆపేశారు. మిగిలిన గోతిలో వాననీరు నిండి, అందులోకి చేపలెలా వచ్చాయో ఎవరికీ తెలియదు. అటువైపు ఎవరూ రారు. వచ్చినా చేసేదేమీ లేదు, పశువులు దిగడానికి దారి కూడా లేదు. తూర్పున ఉన్న ఎత్తు బండ మీద మిషనక్క కాళ్లు వేలాడేసి కూర్చుంటుంది. పిండి ఉండ గుచ్చి, గాలం విసిరి, నీళ్ల మీద బెండు తేలుతుంటే చూస్తూ ఉంటుంది. రోజంతా సూది మీద పెట్టాల్సిన కళ్లు అవి. పొద్దున్నే ఆ రెండు గంటలూ దూరంగా ఉన్నదాని మీద పెడితే తప్ప సాయంత్రానికి దారం ఎక్కించలేదు. కానీ అందుకు వెళ్తున్నానని ఆమె ఎవరికీ చెప్పదు. అందుకు కాదు కాబట్టి.

ఆ రోజు రెండు పడ్డాయి. రెండూ వదిలేసింది.

తిరిగొచ్చేసరికి వెదురు గడ దగ్గర మోటారు సైకిలు ఆగి ఉంది. ప్రెసిడెంటు దాని మీదే కూర్చుని, మాస్కు గడ్డం కిందకి లాగేసి, రిజిస్టరు తిరగేస్తున్నాడు. అతను ఆమెకి స్వయానా బావగారు, భర్తకి అన్న. భర్త లారీతో సహా ఎక్కడో రాష్ట్రం సరిహద్దులో ఇరుక్కుపోయి నెలయింది.

"సంచి చూపించమ్మా."

చూపించింది. లోపల పిండి డబ్బా, సీసపు గుండ్ల మూట, తడి గుడ్డ.

"ఖాళీ," అన్నాడు, సుద్దసున్నాల్లో నిలబడ్డ అందరికీ వినిపించేలా. "జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉంటే నీకు సరదాలేంటమ్మా? మా ఇంటి కోడలే ఇలా తిరిగితే ఊరు నా మాట వింటుందా?"

"నేను తిరిగితే ఎవరికి అంటుతుంది బావగారూ? అక్కడ నేనూ, చేపలూ."

"రూలు రూలే." చెయ్యి చాపి గాలం కర్ర తీసుకున్నాడు. తీసుకున్నవాడు వెంటనే మోటారు సైకిలుకి కట్టేయలేదు. కొస మీద బొటనవేలు ఆనించి నెమ్మదిగా వంచి చూశాడు. అది ఎంత వంగుతుందో చూసుకుని అప్పుడు కట్టాడు. "జబ్బు పోయాక వచ్చి తీసుకో."

మిషనక్క సంచి మూతి ముడేసి నడిచింది. నోరు తెరిస్తే ఏమంటుందో ఆమెకి తెలుసు.

*

కమిటీ హాల్లో ఆరు మిషన్లు. ఊరంతటికీ, బడికీ, ఆస్పత్రికీ మాస్కులు అక్కడే కుడుతున్నారు. ఆరుగురు ఆడవాళ్లు, నాలుగు కిటికీలు, నాలుగూ మూసే ఉంటాయి. ఎందుకంటే కత్తిరించిన గుడ్డముక్కలు గాలికి ఎగిరిపోతాయి. మాస్కులు కుట్టేవాళ్లలో ఒక్కరికీ మాస్కు లేదు. పెట్టుకుంటే అద్దాల మీద ఆవిరి పట్టి సూది కనపడదు. ఇదెవరికీ వింతగా అనిపించలేదు. మిషనక్కకీ నిన్నటిదాకా అనిపించలేదు.

ఆ రోజు ఆమె తన మిషను దగ్గరికి పోకుండా సంచిలోంచి సీసపు గుండ్ల మూట తీసింది. గాలం నీళ్లలోకి దిగడానికి కట్టే గుండ్లవి, గోళీకాయంత. గుడ్డముక్కల ప్రతి దొంతి మీదా రెండేసి పెట్టింది. తర్వాత వెళ్లి నాలుగు కిటికీలూ బార్లా తెరిచింది.

"దుమ్మొస్తుందక్కా," అంది పక్క మిషనావిడ.

"రానీ. మిషన్లు కూడా కిటికీల పక్కకి జరుపుదాం, ఒక్కో కిటికీకి ఒకళ్లు. మిగిలిన ఇద్దరం వరండాలోకి."

"ప్రెసిడెంటుగారు ఏమంటారో."

"కిటికీకి గడి గీయలేదుగా ఇంకా."

అందరూ నవ్వారు. గాలి వచ్చింది. గుడ్డముక్కలు అంచులు లేచి రెపరెపలాడాయి కానీ గుండ్ల కింద నుంచి ఒక్కటీ కదల్లేదు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తే మంచం మీది అత్తగారు మొహం చూసి పట్టేసింది. "ఇవాళ కర్ర చప్పుడు లేదే గుమ్మం దగ్గర?"

"మీ పెద్దబ్బాయి పట్టుకుపోయాడు."

"వాడికెందుకు, వీపు గోక్కోవడానికా?"

మిషనక్కకి నవ్వొచ్చింది, కోపంలోనే. అత్తగారికి ఎనభై దగ్గర. ఊపిరి కొంచెం పొట్టి. ఆవిడ మంచం ఉన్న గదిలోకి వచ్చేముందు మిషనక్క కాళ్లూ చేతులూ కడుక్కుని బట్టలు మార్చుకుంటుంది. "నిజంగా చెప్పండత్తయ్యా. నేను బయటికెళ్లడం మీకు భయంగా ఉందా? మీరు మానెయ్యమంటే మానేస్తా."

ముసలావిడ దిండు సర్దుకుంది. "నువ్వు వెళ్లకపోతే పొద్దున్న పూట నాకు కబుర్లెవరు చెప్తారు? ఆ చిరుగుమూతిది మళ్లీ కనపడిందా?"

చిరుగుమూతి అంటే మూరెడు పొడుగు చేప. పై పెదవి చిరిగి, మానిపోయి ఉంటుంది. మిషనక్కకి మూడుసార్లు పడింది, మూడుసార్లూ వెళ్లిపోయింది.

"ఇవాళ లేదు."

"అయితే రేపు ఉంటుంది. వెళ్లు."

మిషనక్క డబ్బాలో వెతికి దబ్బనం తీసింది, గోనెసంచులు కుట్టే లావు సూది. పటకారుతో పట్టుకుని స్టవ్వు మంట మీద ఎర్రగా కాల్చి, సగానికి కొక్కెంలా వంచింది. మళ్లీ కాల్చి చల్లటి నీళ్లలో ముంచింది. సుయ్యిమంది. సూదికి కన్ను ఎలాగూ ఉంది, దారం కట్టడానికి. కొన్న గాలానికి ఉండే వెనక ముల్లు మాత్రం దీనికి లేదు. చేప గింజుకుంటే తప్పించుకుపోతుంది. మిషనక్క దాన్ని వెలుతురులోకి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. పోతే పోనీ అనుకుంది. పెరట్లో బట్టలారేసే వెదురు కర్ర ఊడదీసింది.

*

"ప్రెసిడెంటు ఖాళీ వదలొద్దన్నాడు," అన్నాడు మాస్టారు మర్నాడు పొద్దున్న. మొహం చిన్నబుచ్చుకుని ఉన్నాడు. "నాలుగు గడుల్లో ఏదో ఒకటి చెప్పు, అమ్మాయ్. పొలమను. పోనీ పశువులను."

"నాకు పశువులెక్కడివండీ?"

"చేపలు పశువులు కావా?"

"ఈ మాట నా చిన్నప్పుడు నేనంటే గోడకుర్చీ వేయించి ఉండేవారు."

మాస్టారు కలం మూత పెట్టేశాడు. గడ మాత్రం ఎత్తలేదు.

మిషనక్క వెళ్లలేదు. ఇంటికీ పోలేదు. గడకి ఇవతల సుద్దసున్నాలో, భుజాన వెదురు కర్రతో నిలబడింది. ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా, గుంట దగ్గర ఉండాల్సిన ఆ రెండు గంటలూ. వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు. "ఏంటి మిషనక్కా, ఇక్కడ పడతాయా?" అన్నాడు పాలాయన. "పడుతున్నాయిగా, అడిగి మరీ," అంది.

ఏడున్నరకి నర్సమ్మ స్కూటరు వచ్చి ఆగింది. మూడూళ్లకీ కలిపి ఆవిడొక్కతే. కళ్ల కింద నల్లగా ఉంది.

"అక్కా, నీ సంగతి విన్నా. ఒక మాటంటాను, కోపం తెచ్చుకోకు." బండి దిగకుండానే అంది. "నీకు జబ్బంటుతుందని కాదు నా భయం. ఆ బండ మీద నుంచి జారావనుకో. కాలు విరిగింది. మూడూళ్లకీ ఒకటే అంబులెన్సు. అది నీకోసం వస్తే అదే సమయానికి ఊపిరాడక కొట్టుకునేవాడి దగ్గరికి ఎవరు వెళ్తారు? నీ సరదాకి నువ్వొక్కదానివే వెళ్లినా, పడితే మోసేది నలుగురు."

ఇన్ని మాటలు పడ్డాక ఆలోచించి సమాధానం చెప్పాల్సిన మాట ఇదొక్కటే అనిపించింది మిషనక్కకి. ఎత్తు బండ మీద పాచి ఉంటుంది. కిందటి వానాకాలం రెండుసార్లు కాలు జారింది కూడా. కానీ పెద్ద చేపలు పడేది అక్కడే, లోతు అక్కడే.

"పడమటి వైపు పలక రాయి ఉంది," అంది చివరికి. "నేలకి సమానంగా ఉంటుంది. దాని పక్క నీళ్లు మోకాలి దాకా కూడా రావు. అక్కడ కూర్చుంటా. ఎత్తు బండ ఎక్కను."

"ఒట్టు?"

"ఒట్టెందుకు, చెప్పానుగా."

నర్సమ్మ ఆమె కళ్లలోకి చూసింది. "నీ మాట నేను నమ్ముతా. గడ ఎత్తే అధికారం మాత్రం నాది కాదక్కా," అని బండి తీసింది.

మూడో రోజూ మిషనక్క సున్నాలో నిలబడింది. ఎవరూ నవ్వలేదు. పాలాయన మాత్రం కొంచెం ఎడంగా నడిచి, తల ఊపి వెళ్లాడు.

*

మూడో రోజు మధ్యాహ్నం రెండొందల మాస్కుల మూట ప్రెసిడెంటుకి అప్పగించాల్సి వచ్చింది. ఇంట్లో లేడు. గిడ్డంగిలో ఉన్నాడని చెప్పారు.

గిడ్డంగి షట్టరు మోకాలెత్తు వరకే లేపి ఉంది. దాని ముందు చెప్పులు. మిషనక్క చేతులు అలవాటుగా లెక్కపెట్టేస్తాయి, గుండీలైనా గుడ్డముక్కలైనా. పధ్నాలుగు జతలు. షట్టరు కిందనుంచి సిగరెట్టు పొగ నేలబారున బయటికి పాకుతోంది. లోపల ఎవడో "ఆట చూపించు, ఆట చూపించు" అంటున్నాడు. పేకముక్కలు చాప మీద పడ్డ చప్పుడు.

"బావగారూ, మాస్కులు తెచ్చా."

లోపల ఒక్కసారిగా ఎవరూ లేనంత నిశ్శబ్దం. షట్టరు ఇంకో జానెడు లేచింది, ప్రెసిడెంటు వంగి బయటికొచ్చాడు. ఆమె చెప్పుల వైపు చూస్తోందని గమనించాడు.

"కమిటీ మీటింగు," అన్నాడు.

"అలాగా." మూట అందించింది. "చెప్పులు పధ్నాలుగు జతలున్నాయి. ఇవి రెండొందల మాస్కులు. ఇందులో పధ్నాలుగు ముందు లోపలున్నవాళ్లకి పెట్టండి."

ప్రెసిడెంటు మెడ వెనక రుద్దుకున్నాడు. ఈసారి గొంతులో ఊరి పెద్ద లేడు, ఇంటి మనిషి ఉన్నాడు. "చూడమ్మా. మనలో మనకి గొడవెందుకు? రేపు వెళ్లు గుంటకి. మాస్టారికి నేను ఫోను చేసి చెప్తా. తిండి అని రాయిస్తా. నువ్వు చేయాల్సిందల్లా ఒక్క చేప తెచ్చి నలుగురికీ కనపడేలా సంచిలో వేసుకుని రావడం. ఇక అడిగేవాడుండడు. కర్ర కూడా ఇంటికి పంపిస్తా." ఆగాడు. "ఇక్కడ చూసింది ఇక్కడే వదిలెయ్."

ఆమె అవుననలేదు, కాదనలేదు. వెళ్లిపోయింది.

*

నాలుగో రోజు పొద్దున్న మాస్టారు కలం అప్పటికే 'తిండి' గడి దగ్గర సిద్ధంగా పెట్టుకున్నాడు.

"ఇప్పుడే రాయకండి," అంది మిషనక్క. "వచ్చాక రాద్దురుగాని."

పలక రాయి చల్లగా ఉంది. ఇక్కడ నీళ్లు తేరి, అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. ఇంత లోతు తక్కువలో పెద్ద చేప ఏం వస్తుందిలే అనుకుంటూనే విసిరింది. రెండు రోజులు రోడ్డు పక్క నిలబడ్డ కాళ్లు చాపుకుంది. బెండు తేలుతోంది. అటు ఒడ్డున తెల్ల పిట్ట ఒకటి ఒంటికాలి మీద నిలబడి ఆమెలాగే నీళ్లు చూస్తోంది.

ఏడుంబావుకి బెండు మునిగింది.

కర్ర విల్లులా వంగింది, బట్టలారేసే కర్ర కాబట్టి కిర్రుమంది కూడా. ముల్లు లేని గాలం. ఒక్క క్షణం దారం వదులైనా ఊడిపోతుంది. లాగకుండా, వదలకుండా, మిషను మీద జారే సిల్కు గుడ్డని పట్టినట్టు పట్టుకుంది. అది అటు పోతే అటు, ఇటు పోతే ఇటు. పది నిమిషాలకి నీళ్ల మీదికి తేలింది. మూరెడు పొడుగు. చిరిగిన పెదవి.

మోకాళ్ల మీద కూర్చుని, తడి గుడ్డ చేతులకి చుట్టుకుని, రెండు చేతులతో దాన్ని పట్టుకుంది. మొప్పలు ఎగిసెగిసి పడుతున్నాయి. సంచి పక్కనే మూతి తెరుచుకుని ఉంది. దీన్ని అందులో వేసుకుని పావుగంట నడిస్తే చాలు. రేపు పొద్దున్నుంచి గడ లేస్తుంది, కర్ర ఇంటికొస్తుంది, అత్తగారికి కబుర్లుంటాయి. ఏ కబుర్లుంటాయి? చిరుగుమూతిది ఇక లేదు అనా?

"నీకేం తెలుసు ఈ గోల," అంది దానితో. గాలం తీసింది. ముల్లు లేదు కాబట్టి చిటికెలో వచ్చేసింది. చేతులు నీళ్లలోకి దించి పట్టు వదిలింది. అది వెంటనే పోలేదు. కాసేపు ఆమె అరచేతుల మధ్యే నిలబడి ఊపిరి కూడదీసుకుని, అప్పుడు తోక ఒక్క ఊపు ఊపి వెళ్లిపోయింది.

తిరిగొచ్చేసరికి గడ దగ్గర పదిమందున్నారు. ప్రెసిడెంటు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, నవ్వుమొహంతో.

"ఏదమ్మా, చేప చూపించు."

"పడింది. వదిలేశా."

నవ్వు కొంచెం కొంచెంగా దిగిపోయింది. "మనమేం అనుకున్నాం?"

"మీరన్నారు. నేననలేదు." మిషనక్క సంచి బోర్లించింది. పిండి డబ్బా, తడి గుడ్డ, అంతే. "నిన్న మీ గిడ్డంగి ముందు పధ్నాలుగు జతల చెప్పులు లెక్కపెట్టా బావగారూ. షట్టరు దించి, ఒకే చాప మీద పధ్నాలుగు మంది. వాళ్లు ఊరు దాటలేదు కాబట్టి ఏ గడిలోనూ లేరు. నేను ఒక్కదాన్నే వెళ్తా, ఒక్కదాన్నే వస్తా. నర్సమ్మ ఎత్తు బండ వద్దంది, మానేశా. రేపు ఇంకేదైనా ప్రమాదమంటే అదీ మానేస్తా. కానీ సరదా అని చెప్పడం తప్పంటే మానను. ఒక చేపని చంపి అబద్ధం రాయించను. గడి లేకపోతే గీయించండి."

పాలాయన సైకిలు స్టాండు వేశాడు, వినడానికి తీరిక చేసుకున్నట్టు.

"నీ ఒక్కదానికోసం రూలు మారుస్తారా?" అన్నాడు ప్రెసిడెంటు.

అప్పుడు బల్ల దగ్గర చెక్క స్కేలు టక్కుమంది. మాస్టారు రిజిస్టరు తనవైపు తిప్పుకుని, నాలుగు గడుల పక్కన ఐదో గీత గీస్తున్నాడు. పై నుంచి కిందిదాకా, తొణక్కుండా.

"మాస్టారూ, ఆ పేజీ చింపేస్తా," అన్నాడు ప్రెసిడెంటు.

"చింపు. ఇంకో పేజీలో గీస్తా. నలభయ్యేళ్లు బోర్డు మీద గీసిన చెయ్యి, దీనికి నొప్పెట్టదు." కొత్త గడి మీద గుండ్రటి అక్షరాలతో 'సరదా' అని రాశాడు. కింద మిషనక్క పేరు. కలిసినవారు: ఎవరూ లేరు. తిరిగొచ్చిన సమయం: ఎనిమిదీ ఇరవై. "అలా కూర్చుని రాసీ రాసీ నా నడుం పట్టేసింది కూడా," అన్నాడు, ప్రత్యేకించి ఎవరితోనూ కాదు. "సాయంత్రం ఆ చివరి పొలందాకా నడిచొస్తా. నాదీ ఇందులోనే రాసుకుంటా."

*

మూడు రోజుల తర్వాత గిడ్డంగిలో ఆడినవాళ్లలో ఒకడికి జ్వరం వచ్చింది. మర్నాటికి ఏడుగురు. నర్సమ్మ గిడ్డంగికి తాళం వేయించి, పధ్నాలుగు మందినీ ఎవరిళ్లలో వాళ్లని పెట్టింది. హాల్లో కుట్టే ఆరుగుర్నీ పరీక్ష చేస్తే ఒక్కరికీ లేదు. ఒకావిడ భర్త ఆ పధ్నాలుగు మందిలో ఉన్నా సరే. "కిటికీలు ఎవరు తెరిచారు?" అని అడిగింది. చెప్పారు. సీసపు గుండు ఒకటి చేత్తో పట్టుకుని బరువు చూసి, మళ్లీ దొంతి మీద పెట్టేసి వెళ్లింది.

ప్రెసిడెంటుకి జ్వరం పెద్దగా లేదు. కానీ రోడ్డు వైపు గది దాటి రాకూడదు.

మిషనక్క గుంట నుంచి ఇంటికి పోవాలంటే ఆ కిటికీ ముందు నుంచే పోవాలి. మొదటి రోజు కిటికీ మూసి ఉంది. రెండో రోజు తెరిచి ఉంది, మనిషి మొహం పక్కకి తిప్పుకున్నాడు. మూడో రోజు ఆమె దాటి నాలుగడుగులు వేశాక వెనక నుంచి గొంతు వచ్చింది.

"పడిందా?"

ఆగింది. రోడ్డుకి అటువైపే నిలబడి వెనక్కి తిరిగింది. ఊచల వెనక గడ్డం పెరిగిన మొహం, ఈసారి మాస్కు ముక్కు మీదికి ఉంది.

"పడింది."

"ఎంతుంది?"

చేతులతో చూపించింది.

"ఎక్కడ, ఎత్తు బండ దగ్గరేనా?"

"కాదు. పలక రాయి దగ్గర."

"అంత లోతు తక్కువలోనా?" కాసేపు ఊచలు పట్టుకుని ఆలోచించాడు. "ఎండెక్కక ముందు ఒడ్డుకొస్తాయి. అవును, వస్తాయి." తర్వాత ఆమె చేతిలోని దారం కొస వైపు చూసి, "దేనితో పడుతున్నావ్?" అన్నాడు.

"దబ్బనం వంచి చేశా."

"ముల్లు లేకుండానా? గింజుకోదూ?"

"గింజుకుంటుంది. వదులు కాకుండా పట్టుకోవాలి. ఎలాగూ వదిలేసేదేగా."

అతను తల ఊపాడు. గదిలోకి వెళ్లి తిరిగొచ్చాడు. ఊచల సందులోంచి ఆమె పాత గాలం కర్ర, కొస ముందు, నెమ్మదిగా బయటికి జారుతూ వచ్చింది.

"తీసుకోమ్మా. ఇంకో పది రోజులు నన్నిక్కడే ఉండమంది నర్సమ్మ. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఇక్కడ కాసేపు ఆగు. ఏం పడిందో చెప్పు."

మిషనక్క ముందుకి రాలేదు. "దాన్ని గోడకి ఆనించి వదిలెయ్యండి. రెండు రోజులు ఎండలో ఉండాలి. రూలు రూలే."

కర్ర గోడకి చేరింది.

"ఇంకో మాట, బావగారూ. మీరు బయటికొచ్చాక గుంటకి రావాలనుకుంటే రండి. నాకు ఇరవై అడుగుల దూరంలో కూర్చోండి. కానీ మాస్టారి దగ్గర పొలమనో తిండనో రాయించుకోకండి."

వెదురు కర్ర భుజం మార్చుకుని, ఇంట్లో కబుర్ల కోసం చూస్తున్న ముసలావిడ దగ్గరికి నడిచింది.